తుప్పు సారు, పసుపు గిన్నె

మొన్న పెరియంపట్టిలో రోడ్డు వెడల్పు చేయడానికి జేసీబీ పెట్టి తవ్వుతుంటే, మా వీధి చివర తాగునీళ్ళ పైపు బయటపడింది. నేను లీవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. ఎర్రమట్టి సందులోంచి ఆ బూడిదరంగు పూత కనబడగానే నాకు ఒళ్ళు తెలియలేదు. "మా సారు పెయింటే ఇది!" అని నడివీధిలో కేక పెట్టి, పసుపు డబ్బా కోసం వంటింట్లోకి పరిగెత్తాను.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. "ఏమైందే? ఎవురికి దెబ్బ తగిలింది?"

"ఎవురికీ లేదుమా. పైపుకు పుయ్యాల."

అమ్మ నా మొహం వంక ఒకసారి చూసింది. "ఆ మనిషి దగ్గర పనికి చేరినప్పుడే అనుకున్నా, నీకూ అంటుకుంటాదని," అంటూ డబ్బా చేతిలో పెట్టింది. "అంతా ఒలకబెట్టుకోవద్దు. మళ్ళా సంత రావాల."

ఆ మనిషంటే మా సారు. తమిళనాడులోని ధర్మపురి ఊరి బయట, ఇనుము తుప్పు పట్టకుండా పెయింట్లు తయారుచేసే ఒక కంపెనీ వెనకాల చిన్న పరిశోధన ల్యాబు ఉంది. ఆయన అందులో పెద్ద కెమిస్టు, నేను చిన్న కెమిస్టును. ఆయన పోయి రెండేళ్ళవుతోంది. పేరు రాయను. రాసినా ఈ ప్రాంతంలో ఎవరూ గుర్తుపట్టరు, ఎందుకంటే అందరికీ ఆయన తుప్పు సారు. ఎవరైనా మొహం మీదే అలా పిలిస్తే శాలువా కప్పినంత పొంగిపోయేవారు. పోయేముందు నన్ను ఆయన అడిగిన కోరిక ఒక్కటే. ఎక్కడైనా మన పైపు తవ్వితే, మట్టిలో మన పూత నిలిచిందో లేదో చూసి చెప్పమని. ఆ పైపు బయటపడడానికి ఇంత కాలం పట్టింది.

ఆయన్ని మొదట చూసింది ఇంటర్వ్యూలో. రెజిన్లు, పిగ్మెంట్లు అన్నీ బట్టీ కొట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని పోయాను. ఆయన నా సర్టిఫికెట్ల వంకైనా చూడలేదు. "మీ ఇంట్లో ఏమేమి తుప్పు పట్టినాయి?" అని తమిళంలో అడిగారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా ఇంట్లో తుప్పు పట్టనిది ఏముంది గనక! బావి గిలక, బాత్రూము గొళ్ళెం, నాన్న సెంట్రింగు పనికి పట్టుకుపోయే ఇనప తట్ట, ట్రంకు పెట్టె. అలా చెప్పుకుంటూ పోతూ, కంగారులో తమిళం మాట నోటికి రాక "తుప్పు" అనేశాను.

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "తుప్పా? అయితే నువ్వు మన తెలుగోళ్ళ పిల్లవే! ఏ ఊరుమా?"

"పెరియంపట్టి, సార్."

"నాది కంబైనల్లూరు. సరే, అది ఉండనీ. ఆ ట్రంకు పెట్టెకు తుప్పు లోపల నుంచి పట్టిందా, బయట నుంచి పట్టిందా?"

"లోపల నుంచి, సార్. అమ్మ దాంట్లో చింతపండు పోసి పెట్టింది."

"అడడడా! చింతపండు!" ఆయన కళ్ళు మూసుకున్నారు, ఎవరో వీణ వాయిస్తున్నట్టు. "రేపు వచ్చేటప్పుడు ఆ పెట్టె పట్టుకొచ్చేయ్ పాపా."

నాకు ఉద్యోగం వచ్చిందని అర్థం కావడానికి బస్టాండు దాకా పట్టింది. మర్నాడు ఆ పెట్టెను బస్సెక్కించి తీసుకుపోయాను. అమ్మ పెళ్ళినాటి పెట్టె అది. పరీక్ష చేసి ఇచ్చేస్తానన్నారు గానీ, అది ఆయన బల్ల పక్కనే ఉండిపోయింది. ఎవరొచ్చినా మూత తెరిచి, వేలు పెట్టి, లోపలి తుప్పును మనవడి ఫొటో చూపించినంత మురిపెంగా చూపించేవారు. నేను పని నుంచి వచ్చిన ప్రతి సాయంత్రం అమ్మది ఒకటే ప్రశ్న: "నా పెట్టె యాడ?"

ఆయన కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేది. పెయింటు ఆరిందో లేదో చూడడానికి ల్యాబులో మిషను ఉంది. ఆయన మాత్రం వేలినే నమ్మేవారు. ఆ వేలు ల్యాబు దాటినా ఊరుకునేది కాదు. పెళ్ళికి పోతే మండపం గేటు, ఆసుపత్రికి పోతే మంచం కోడు, ఏది దొరికితే దాన్ని నొక్కి చూడడం, గోరుతో గీకి చూడడం. ఒకసారి కారిమంగళం బస్సులో ముందు సీటు కమ్మీ మీద రంగును గోరుతో లేపుతూ కూర్చున్నారు. కండక్టరు చూశాడు. "ఏం సార్, బస్సును ఊడదీసి ఇంటికి తీసుకుపోతారా?" అని తమిళంలో గద్దించాడు.

"కోపం వద్దు తంబీ. ప్రైమరు లేకుండా కొట్టినారు. ఈ మూల పట్టుకుని లాగు, ఎట్ల వస్తాదో చూడు, అప్పడం మాదిరి!"

కండక్టరు లాగాడు. జానెడు పొర చిరగకుండా ఊడి వచ్చింది. వాడి మొహం వెలిగిపోయింది. ఇంకేముంది, ధర్మపురి చేరేలోపల ఇద్దరూ కలిసి ఆ కమ్మీని నున్నగా వలిచి పారేశారు. టిక్కెట్లు కొట్టడం కూడా మరిచిపోయాడు పాపం.

"కొత్త పెయింటూ కొత్త అల్లుడూ ఒగటే పాపా. మొదటి నెల చూసి ఏమీ చెప్పగూడదు," అనేవారు. ఈ మాట ల్యాబులో అంటే సరిపోయేది. సొంత కూతురి పెళ్ళిలో, పీటల మీద పెళ్ళికొడుకు పక్కనే కూర్చుని మైకులో అన్నారు. పెళ్ళికొడుకు తప్ప అందరూ నవ్వారు.

ఆయనకు భక్తి ఉన్న చోటు ఒక్కటే, ల్యాబు మేడ. అక్కడ ఒక ఇనప చట్రానికి రేకు ముక్కలు వరసగా బిగించి ఉండేవి. ఒక్కో ముక్కకు ఒక్కో పెయింటు. ఎండకు ఎండాలి, వానకు తడవాలి, ఎవరూ చేయి వేయకూడదు. కాకి రెట్ట వేసినా తుడవనిచ్చేవారు కాదు. "కాకి యాడన్నా అడిగి వాలతాదా? ఉండనీ. అదీ మన స్టాఫే," అనేవారు. ఏ ముక్క మీద ఏ పెయింటు ఉందో తెలిస్తే చూసేవాళ్ళు తమకు ఇష్టమైనదానికి మంచి మార్కులు వేస్తారని, వాటి వెనక గుర్తులు తెలుగు అక్షరాల్లో రాసేవారు. ల్యాబులో తెలుగు చదవగలిగినవాళ్ళు ఆయన తప్ప ఎవరూ లేరు. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడని నాకే అక్షరం ముక్క రాదు. అది తెలిసిన రోజు నెత్తి కొట్టుకుని, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పనికిరాని రేకు ముక్కల మీద నాకు అ ఆలు దిద్దించడం మొదలుపెట్టారు. నేను ఈ మాటలు ఈ లిపిలో రాస్తున్నానంటే అది ఆ రేకుల పుణ్యమే.

అలా నవ్వుతూ తుళ్ళుతూ ఉన్న ల్యాబుకు ఒక ఏడాది గండం వచ్చింది. ధర్మపురిలో ల్యాబు దండగ, మూసేసి చెన్నై ల్యాబులో కలిపేద్దామని పైవాళ్ళు అనుకున్నారు. ఊళ్ళకు తాగునీళ్ళు తెచ్చే పెద్ద పైపులకు మా పెయింటు ఒప్పుకుంటే మాత్రం ఉంచుతామన్నారు. మూస్తే సారును ఇంటికి పంపేస్తారు. నా సంగతీ అంతే. అప్పటికే నాన్న సెంట్రింగు మీద నుంచి పడి, నడుము పోయి మంచంలో ఉన్నాడు. ఆయన్ని అమ్మ మీద వదిలి నేను చెన్నై పోలేను. పైపుల కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చి, మేడ మీద ఏడాదిగా నిలబడి ఉన్న మా రేకుల్ని చూసి తేలుస్తుందని కబురు వచ్చింది. ఎప్పుడంటే, ఆయుధపూజ సెలవులు అయిన మర్నాడు.

ఆయుధపూజ అంటే సారుకు పిచ్చి. మిషన్లన్నీ తుడిచి, గంధం పెట్టి, అరటి పిలకలు కట్టి, బొరుగులు, సుండలనే శనగ గుగ్గిళ్ళు పంచడం ప్రతి చోటా ఉన్నదే. కానీ మా ల్యాబులో కర్పూరం వెలిగించడానికి లేదు. అంతా థిన్నరు వాసన, అగ్గిపుల్ల గీస్తే అందరం కలిసి కైలాసమే. అందుకని సారు సెల్‌ఫోను టార్చి వేసి, అదే హారతిగా తిప్పేవారు. ఆ ఏడు హారతి మధ్యలో ఆయన భార్య ఫోను చేసింది. హారతి ఆపితే అపచారమని స్పీకరు పెట్టి, గంట కొడుతూనే తిప్పారు. "వచ్చేటప్పుడు పెరుగు తెండి, మరిచిపోయినారంటే ఇంట్లోకి రానియ్యను" అని ఆవిడ గొంతు, రేకుల మీద ఉప్పునీళ్ళు చిమ్మి తుప్పు పరీక్ష చేసే పెట్టె చుట్టూ తిరిగింది. మేమంతా భక్తిగా కళ్ళకద్దుకున్నాం.

పూజ అయ్యాక చూస్తే సారు లేరు. పూజలో పెట్టిన పసుపు గిన్నె కూడా లేదు. మేడ మీదికి పరిగెత్తాను.

కాకి రెట్టను కూడా ముట్టుకోనివ్వని మనిషి, రేకు ముక్కల ముందు గొంతుక్కూర్చుని, తడిపసుపు అరచేతికి తీసుకుని ఒక్కోదానికి పూస్తున్నారు. తమిళులైతే బొట్టంత పెట్టి ఊరుకునేవాళ్ళు. మనవాళ్ళకు గడపకు పసుపు రాయడమంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా రాయడమే. ఆయన అమ్మ కంబైనల్లూరులో గడపకు ఎలా రాసేదో అలా రాస్తున్నారు, మందంగా, మూలమూలకూ.

"సార్! ఏం చేస్తా ఉండారు? ఇంజనీరు వస్తాది కదా సార్!"

"రానీ. మనకోసరం ఏడాదిగా ఎండలో నిలబడి ఉండాయి ఇవి. నీకూ నాకూ కొత్త గుడ్డలు, వీటికి పండగ లేదా? కుంకుమ అయిపోయింది పాపా, లేకపోతే బొట్టు కూడా పెట్టేవాణ్ణి."

ఆ సెలవుల్లో నేను తిన్న అన్నం ఒంటబట్టలేదు. పైగా ఒక వాన కూడా పడింది.

సెలవులయ్యాక పొద్దున్నే సారు, మేనేజరు, నేను మేడ ఎక్కాం. నా చేతిలో తడిగుడ్డ ఉంది. ఎండకు పసుపు చాలావరకు వెలిసిపోయింది, తుడిస్తే పోయేదే. కానీ మా రేకుల మీద, మేము ప్రాణం పెట్టుకున్న పెయింటు మీద, చెమటకాయలు లేచినట్టు సన్నసన్నగా ఎర్ర చుక్కలు.

"కుంకుమ ఎవరు చల్లినారు?" అని మేనేజరు నా మీదికి వచ్చాడు.

సారు వంగి చూశారు. జేబులోంచి భూతద్దం తీసి ఇంకా వంగారు. తరవాత ఉన్నట్టుండి పంచె ఎగ్గట్టి గంతేశారు. నిజంగానే గంతేశారు, ఆ వయసులో, ఆ మేడ మీద! "పాపా! పసుపుకు సున్నం తగిలితే ఏమవతాది?"

"ఎర్రగా అవతాది సార్. దిష్టి నీళ్ళు."

"అంతే కదా! ఇనుము తుప్పుకు దిగినచోట పక్కనే సున్నం మాదిరి క్షారం పుడతాది. మన కంటికి ఆనని చిల్లులు ఉండాయి ఈ పూతలో. కిందికి నీళ్ళు దిగినాయి. తుప్పు ఇంకా బయటికే రాలే, పసుపు అప్పుడే చాడీ చెప్పేసింది! మన పెయింటు ఫెయిలు పాపా, ఫెయిలు!"

మేనేజరు నెత్తి పట్టుకున్నాడు. "సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. తుడిచేస్తే రేకు నిగనిగలాడుతుంది. చుక్కలు మనం ముగ్గురమే చూశాం. ఆమె చూసి సరే అంటే ల్యాబు నిలుస్తుంది."

నాకూ తుడిచేయాలనే ఉంది. మంచంలో ఉన్న నాన్న కళ్ళ ముందు మెదిలాడు. సారు నా చేతిలోంచి తడిగుడ్డ తీసుకున్నారు. తుడుస్తారనే అనుకున్నాను. ఆయన దాంతో మొహం తుడుచుకుని, మెడకు చుట్టుకుని, "పైన పటారం లోన లొటారం పని నాకు చేతగాదు. ఆ పైపులో నీళ్ళు తాగేది మీ అమ్మ కదా పాపా," అన్నారు.

ఇంజనీరమ్మ వచ్చింది. నవ్వు ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చినట్టు ఉంది మొహం. సారు ఆమె కాఫీ కూడా తాగకముందే మేడ ఎక్కించి, భూతద్దం చేతికిచ్చి, "చూడండి మేడం, ఫెయిలు!" అన్నారు తమిళంలో.

ఆమె చాలాసేపు చూసింది. "ఇది మీ పెయింటేనా?"

"మాదే! నేనే చేసింది!"

"మరి ఇంత సంతోషంగా చెబుతున్నారేం?"

"మట్టిలో పూడ్చినాక తెలిసి ఉంటే మీరూ నేనూ కూర్చుని ఏడ్చేవాళ్ళం మేడం. మేడ మీదనే తెలిసిపోయింది. నవ్వకపోతే ఎట్ల?"

ఆమె భూతద్దం సారుకు తిరిగిచ్చింది. మెట్ల దాకా పోయింది. మేనేజరు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి, "ఆ పసుపు ఇంకా ఉందా?" అని అడిగింది. "మిగతా కంపెనీల రేకులకు కూడా పూసి చూస్తాను."

సారు కంబైనల్లూరు పసుపు పొట్లం కట్టి, పైన గుప్పెడు బొరుగులు పెట్టి ఇచ్చారు. కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. ఎవరి రేకులు చూసినా ఎర్ర చుక్కలేనట, మాకంటే ఎక్కువేనట. అందర్నీ పెయింటు మళ్ళీ చేసుకుని మరుసటి ఏడు రమ్మన్నారట. అప్పటిదాకా మా ల్యాబు మూయకూడదని ఆమే మా పైవాళ్ళకు చెప్పిందట. ఆ రోజు సారు, మేనేజరు చేతులు పట్టుకుని ల్యాబు నడిమధ్య గిర్రున తిరిగారు. పెయింటు గట్టిపడడానికి కలిపే హార్డెనరు సగం డబ్బా ఒలికింది, ఎవరికీ పట్టలేదు.

చిల్లుల కారణం సారుకు ఇంట్లో, దోసెలు తింటుంటే దొరికింది. "మందంగా పోస్తే ఆవిరి బయటికి పోతూ దోసెకు చిల్లులు పెడతాది కదా పాపా. మనమూ పెయింటు ఒగేసారి మందంగా కొట్టినాము. పల్చగా రెండు దోసెలు పొయ్యాల!" అలాగే పోశాం. మరుసటి ఆయుధపూజకు మళ్ళీ పసుపు పూశాం. ఈసారి పచ్చగానే నిలిచింది. ఆర్డరు వచ్చింది, ల్యాబు నిలిచింది, నేను పెరియంపట్టిలోనే ఉండిపోయాను. నాన్న చివరి రోజులు నా చేతుల్లోనే గడిచాయి. ఇదంతా సారు చలవే.

ఆయనకు మాత్రం తృప్తి లేదు. "మేడ మీద పాసయింది. మట్టిలో పాసయిందో లేదో తవ్వితేనే కదా తెలిసేది," అంటూ రోడ్డు పక్కన ఎక్కడ గుంత కనబడినా బస్సు ఆపించి తొంగి చూసేవారు. అన్నీ టెలిఫోను గుంతలే. ఆఖరికి ఆసుపత్రిలో, మాట సన్నబడిపోయాక, నేను ఆయన నోటి దగ్గర చెవి పెడితే, "యాడన్నా తవ్వినారా?" అన్నారు. లేదన్నాను. "తవ్వితే చెప్పు," అని, ఆ రంగు బొటనవేలితో మంచం కమ్మీ గీకి చూసుకున్నారు. అప్పుడు కూడా నాకు నవ్వొచ్చింది. తరవాత వరండాలోకి వచ్చి బాగా ఏడ్చాను.

అందుకే మొన్న నేను ఆ గుంతలోకి చీర దోపుకుని దిగింది. పైపును శుభ్రంగా కడిగి, సారు రాసినట్టే ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు రాశాను. జేసీబీ డ్రైవరు తల గోక్కుంటూ, "అక్కా, ఎంతసేపు?" అన్నాడు. సాయంత్రం దాకా ఆగమని బతిమాలుకున్నాను. ఈలోపల వీధిలో ఆడవాళ్ళంతా చేరారు. పైపుకు పసుపు రాస్తే ఊరుకుంటారా? గంగమ్మ తల్లి బయటికి వచ్చిందన్నారు. ఎవరో టెంకాయ తెచ్చారు. పక్కింటి అవ్వ కుంకుమ భరిణెతో నేరుగా గుంతలోకి దిగింది.

నేను ఆమె చేయి పట్టుకున్నాను. "అవ్వా, వద్దు! కుంకుమ పెట్టొద్దు!"

"ఆడదానివై బొట్టు వద్దంటావా? నీకేం పోయేకాలమే?"

"ఎర్ర చుక్క కనబడితే మా సారు ఫెయిలు అవ్వా! సాయంత్రం పెట్టు!"

ఒక్క ముక్క అర్థం కాకపోయినా అవ్వ గట్టు మీద కూర్చుంది. అందరం కూర్చున్నాం. నేను మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తూ, భూతద్దం పట్టుకుని పైపు వెంబడి పాకాను. సారుదే ఆ భూతద్దం. ఒక్క చుక్క కనబడినా నేను ఆయనకు ఏమని చెప్పుకోవాలి? ఎక్కడని చెప్పుకోవాలి?

ఎండ వాలేదాకా చూశాను. పైపు అంతా పసుపే. ఎక్కడా ఎరుపు లేదు. ఈసారి గంతేసింది నేను, మోకాలి లోతు బురదలో. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. అవ్వ ఇంక ఆగలేక పెద్ద బొట్టు పెట్టేసింది.

అమ్మ గుంత అంచున గొంతుక్కూర్చుని, ఎర్రబొట్టు పక్కన పచ్చటి పూతను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఆ పైపు నీళ్ళే మా ఇంట్లో తాగేది. కాసేపటికి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"సరే పో," అంది. "ఆ పెట్టె ఆయన్నే ఉంచుకోమని చెప్పు."